వారానికి ఒక గంట, ఒక గది: ఆరోగ్య, ఎక్సైజ్ శాఖల అధికారులకు తాగుడు నుంచి బయటపడిన ఒకడి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ, ఎక్సైజ్ శాఖల ఉన్నతాధికారులకు, జిల్లా కలెక్టర్లకు, ప్రభుత్వాసుపత్రుల సూపరింటెండెంట్లకు నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

నేను ఒక రైస్ మిల్లులో గుమస్తాను. వయసు 52. గత 11 ఏళ్లుగా తాగకుండా ఉంటున్నాను. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే సహవాసంలో సభ్యుణ్ణి. క్లుప్తంగా ఏ.ఏ. అంటాం.

పేరు రాయనందుకు మన్నించండి. నా వీధిలో, నా మిల్లులో నా సంగతి అందరికీ తెలుసు, దాచుకునేదేమీ లేదు. అయితే పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యుల పేర్లు బయటపెట్టకూడదన్నది మా పన్నెండు సంప్రదాయాల్లో ఒకటి. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మద్యం విధానం మీద గానీ, మరే బయటి విషయం మీద గానీ ఏ.ఏ. తన అభిప్రాయం చెప్పదు. కాబట్టి ఈ లేఖ సంస్థ తరఫున రాసింది కాదు, నా ఒక్కడిదే. దీనిలో తప్పులుంటే అవీ నావే.

ఏడాదిన్నరగా మేము కొందరం అడుగుతున్నది ఒకటే. మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో ఆదివారం సాయంత్రం తాళం వేసి ఉండే ఒక గదిని గంటసేపు వాడుకోనివ్వమని. అద్దె కడతామన్నాం. కరెంటు ఖర్చు కూడా ఇస్తామన్నాం. మొదటి దరఖాస్తు ఆసుపత్రిలోనే ఇచ్చాం. ముద్ర వేసి తీసుకున్నారు. రెండోది సోమవారం అర్జీల రోజున కలెక్టరేట్‌లో ఇచ్చాం. నెల తర్వాత సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. గది మాత్రం రాలేదు. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు రసీదు తిరిగొచ్చింది, జవాబు రాలేదు. స్వయంగా వెళ్లి అడిగితే ఒక అధికారి నోటిమాటగా రెండు అభ్యంతరాలు చెప్పారు. ఇది ప్రార్థన కూటంలా ఉంది, మతానికి ఆసుపత్రి గది ఇవ్వలేం అన్నది మొదటిది. తాగేవాళ్లంతా ఒకచోట చేరితే గొడవలవుతాయన్నది రెండోది. చెప్పుకోవలసిన చోటల్లా చెప్పుకున్నాం గనుక ఇప్పుడు నలుగురి ముందూ రాస్తున్నాను.

నేను తాగడం మొదలుపెట్టింది మద్యనిషేధం ఉన్న రోజుల్లో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. ఆ మధ్యలోనే నేను దొంగచాటుగా మొదటి గ్లాసు పట్టుకున్నాను. ఆ తల్లుల పోరాటం మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. నా ఒంట్లో పుట్టిన జబ్బుకు మాత్రం దుకాణం తలుపు తెరిచి ఉన్నా, మూసి ఉన్నా ఒకటే అయింది.

మానడానికి నేను చేయని ప్రయత్నం లేదు. నాలుగుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు చుక్క ముట్టలేదు. నాలుగుసార్లూ మాల తీసిన రాత్రే తాగాను. దీక్షలో లోపం లేదు. 42వ రోజు ఎలా గడపాలో నాకు తెలియదు, అంతే. కూతురి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఎవరో ఇచ్చిన పసరు తాగి రెండు రోజులు వాంతులు చేసుకున్నాను. ఒక ప్రైవేటు కేంద్రంలో 28 రోజులు గదిలో పెట్టి తాళం వేశారు. ఆ నెల ఖర్చుకు నా భార్య గాజులు తాకట్టు పెట్టింది. బయటికి వచ్చిన మూడో రోజున మిల్లులో తవుడు బస్తాల వెనక మళ్లీ క్వార్టరు సీసా దాచుకున్నాను.

ఒక రోజు మిల్లులోనే ఫిట్స్ వచ్చి పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఐదో రోజున ఒక పెద్దాయన వచ్చి నా మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రిటైరైన ఆర్టీసీ కండక్టరు. ఆయన ఇప్పుడు లేరు. తన సంగతి పనికొస్తుందనుకుంటే ఎవరికైనా చెప్పమని ఆయనే అన్నారు గనుక రాస్తున్నాను. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. తాగుడు మంచిది కాదని చెప్పలేదు. తెల్లవారుజాము మొదటి బస్సులో, వణికే చేతులతో టికెట్టు చించలేక, ప్రయాణికులంతా చూస్తుండగా నిలబడిపోయిన రోజు గురించి చెప్పాడు. నాకు ఒళ్లు ఝల్లుమంది. అప్పటికి రెండేళ్లుగా ఉదయం పూట వేబిల్లు మీద నేను సంతకం పెట్టలేకపోతున్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. డాక్టర్లు నా కాలేయం గురించి చెప్పారు, పెద్దలు నా పరువు గురించి చెప్పారు. ఆ చేతుల వణుకు వెనక ఉన్న భయం గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. వెళ్లేముందు, ‘ఆదివారం సాయంత్రం ఆరింటికి వస్తావా?’ అన్నాడు. వెళ్లాను.

ఏడో నెలలో, చెల్లెలి కూతురి పెళ్లిలో, మళ్లీ తాగాను. అదీ రాయాలి, ఎందుకంటే ఈ దారిలో అందరూ ఒక్కసారికే నిలబడతారని చెబితే అబద్ధమవుతుంది. కొందరు ఎన్నిసార్లు వచ్చినా నిలబడరు. కొందరు తిరిగి రారు. నేను సిగ్గుతో రెండు వారాలు ముఖం చాటేసి మూడో వారం వెళ్తే, ‘వచ్చావు, కుర్చీ లాక్కో’ అన్నారు. ఆ రోజు నుంచి లెక్కపెట్టిందే ఈ 11 ఏళ్లు.

ఆ గదిలో జరిగేది చాలా మామూలు పని. పది పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, ఒక పుస్తకం, టీ. ఒకరి తర్వాత ఒకరు ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని చెప్పి తన సంగతి మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, తీర్పు చెప్పరు. అక్కడ విన్నది అక్కడే వదిలేస్తారు. చందా లేదు, ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే సభ్యత్వానికి అర్హత. చివరలో ఒక సంచి తిరుగుతుంది, ఇవ్వగలిగినవారు పదో ఇరవయ్యో వేస్తారు. టీకి, అద్దెకు అదే ఆధారం. జన్మంతా తాగనని ఎవరూ ప్రమాణం చేయరు. ఈ ఒక్క రోజుకు మొదటి గ్లాసు ముట్టకుండా ఉంటే చాలంటాం. 41 రోజుల గడువు పెట్టుకుని ఓడిపోయినవాడికి ఈ మాట ఎంత ఊరటో చెప్పలేను.

ఇది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో, తాగుడు మాని కొన్ని నెలలే అయిన ఒక స్టాక్ బ్రోకర్ వ్యాపారం దెబ్బతిని, మళ్లీ తాగబోయే స్థితిలో, తనలాంటి మరో మనిషితో మాట్లాడాలని వెతుక్కున్నాడు. దొరికినవాడు ఒక శస్త్రచికిత్స వైద్యుడు, ఆయనా తాగుడుకు బానిస. ఆ వైద్యుడు చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఏ.ఏ. పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఎదుటివాడిని కాపాడటానికి వెళ్లినవాడు తాను నిలబడ్డాడు. మా కండక్టరు గారు నా మంచం దగ్గరకు వచ్చింది కూడా అందుకే. మన దేశంలో 1957 నుంచి ఈ మీటింగులు జరుగుతున్నాయి. దీనికి రుజువేమిటని వైద్యులు అడగవచ్చు, అడగాలి కూడా. 2020లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మందిని కలిపి సమీక్షించింది. పూర్తిగా మానేసి ఉండటం వరకు చూస్తే, ఏ.ఏ. పద్ధతిలోకి రోగిని క్రమంగా నడిపించే చికిత్స ఇతర పేరున్న చికిత్సలతో సమానంగానో, వాటికంటే మెరుగ్గానో పనిచేస్తోందని తేల్చింది.

ఇక ఆ రెండు అభ్యంతరాలు. తాగుడు నుంచి బయటపడటానికి ఏ.ఏ. చెప్పే పన్నెండు మెట్లలో దేవుడనే మాట ఉంది, నిజమే. ‘ఎవరికి వారు అర్థం చేసుకున్న దేవుడు’ అని కూడా అక్కడే ఉంది. మా గదిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, దేవుణ్ణి నమ్మనివారు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ నమ్మనివారిలో కొందరు నాకంటే ఎక్కువ కాలంగా తాగకుండా ఉన్నారు. గొడవ సంగతి అంటారా, ఈ 11 ఏళ్లలో మా మీటింగుకు పోలీసులు రావలసిన అవసరం ఒక్కసారి కూడా పడలేదు. మీ సిబ్బందిలో ఎవరినైనా, సభ్యులు కానివారూ రాగలిగే మా బహిరంగ మీటింగుకు పంపండి, కళ్లారా చూసి రాస్తారు.

ఇప్పుడు, ఈ నిర్లక్ష్యానికి మామూలు జనం ఏం చెల్లిస్తున్నారో చూడండి.

1. మంచానికీ ఇంటికీ మధ్య అగాధం ఉంది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ చేసిన జాతీయ సర్వేను కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసింది. దేశంలో మద్యం వల్ల సహాయం అవసరమైనవారు 5.7 కోట్ల మంది, వారిలో పూర్తిగా బానిసలైనవారు 2.9 కోట్లు. ఆ బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందినది 38 మందిలో ఒక్కరికే. ఆ ఒక్కరిని కూడా మనం నిలుపుకోలేకపోతున్నాం. మా పక్క వీధి తాపీ మేస్త్రీ పది రోజులు ఆసుపత్రిలో ఉండి మందుబిళ్లలతో ఇంటికి వచ్చాడు. మా మీటింగు ఆ ఆసుపత్రికి కిలోమీటరున్నర దూరంలో జరుగుతుంది. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని అక్కడివారికి తెలియదు, బోర్డు పెట్టుకోవడానికి మాకు అనుమతి లేదు. నాలుగో వారంలో చనిపోయాడు. అతను అడ్మిట్ అయినట్టు నాకు తెలిసింది దినం రోజున. అతని భార్య అనుమతితోనే ఇది రాస్తున్నాను. ‘మీరున్నారని ఎవరైనా చెప్పి ఉంటే నేనే తీసుకొచ్చేదాన్ని’ అని ఆమె అన్న మాట నాకు నిద్రలో కూడా వినిపిస్తుంది.

2. ఒక్కసారిగా మానేసి ప్రాణం మీదకు తెచ్చుకుంటున్నారు. ఏళ్ల తరబడి తాగిన శరీరం హఠాత్తుగా ఆపితే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణమే పోవచ్చు. ఊళ్లో దాన్ని గాలి సోకిందనుకుని మంత్రం వేయిస్తారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు వరుసలు కట్టారు. రెండుసార్లు కళ్ల ముందు జరిగింది. ఇంత జరిగినా ఒక ఏరియా ఆసుపత్రికి ఇటువంటి రోగి వస్తే, తాగి వచ్చాడంటూ వరండాలో పడుకోబెట్టడం నేను చూశాను. ఇక్కడ స్పష్టంగా చెబుతున్నాను, మా మీటింగు వైద్యానికి బదులు కాదు. ముందు డాక్టరు, తర్వాత మేము.

3. ఇంట్లోవాళ్లకు దారి తెలియడం లేదు. నా భార్య పేరూ ఊరూ తెలియని పొడి కొని ఆర్నెల్లు పప్పులో కలిపింది. మద్యంతో కలిస్తే ప్రాణాంతకమయ్యే మాత్రలను అలా తెలియకుండా పెట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆమెను నేను ఎలా తప్పుపట్టను? ఆమెకు వేరే దారి చూపించినవారు లేరు. తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ అనే సహవాసం 1951 నుంచి ఉందని మాకు తెలిసేసరికి నా కూతురు పదో తరగతికి వచ్చింది. అప్పటిదాకా ఆ పిల్ల నా చెప్పుల చప్పుడును బట్టి నేను ఏ స్థితిలో వస్తున్నానో గుర్తుపట్టేది. పిల్లకు తండ్రి అడుగులు అలా నేర్పాను.

4. ఆడవాళ్లు లెక్కలోనే లేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21 ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవారిలో తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. తెలంగాణ ఆడవారిలో 6.7 శాతం. వాళ్లు మా మగవాళ్ల గుంపులోకి రావడానికి జంకుతారు. ఆసుపత్రి లాంటి గౌరవప్రదమైన చోటైతే వస్తారు.

మీ నుంచి కోరుతున్నవి ఇవి. డబ్బు ఇందులో లేదు. మీరు ఇచ్చినా ఏ.ఏ. తీసుకోదు, బయటివారి విరాళాలు పుచ్చుకోకూడదన్నది మా మరో సంప్రదాయం.

1. ప్రతి జిల్లా ఆసుపత్రిలో, ఏరియా ఆసుపత్రిలో స్వయంసహాయక బృందాల మీటింగుకు వారానికి ఒక గంట ఒక గది కేటాయిస్తూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. నామమాత్రపు అద్దె మీరే నిర్ణయించండి. సూపరింటెండెంటు మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు.

2. ఓపీ దగ్గర మీటింగు చోటు, వేళ తెలిపే ఒక బోర్డు పెట్టనివ్వండి. మద్యం సంబంధిత జబ్బుతో చేరిన ప్రతి రోగి డిశ్చార్జి చీటీ మీద ఆ ఒక్క వాక్యం రాయించండి. వైద్యుడి అనుమతితో, రోగి ఇష్టపడితేనే, మాలో ఒకరు వార్డుకు వచ్చి పావుగంట మాట్లాడే వీలు కల్పించండి. నేను బతికింది ఆ పావుగంట వల్ల.

3. మానేటప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్, మతిభ్రమణానికి ఏరియా ఆసుపత్రి స్థాయిలోనే పడకలు, మందులు, శిక్షణ పొందిన నర్సులు ఉండాలి. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇవ్వడం వంటి ప్రాథమిక జాగ్రత్తలు రాత్రి డ్యూటీలో ఉన్నవారికి కూడా తెలిసి ఉండాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలో చేర్చింది. కాబట్టి ఇది రోగి హక్కు.

4. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు విధానం కింద 3,396 దుకాణాలకు లైసెన్సులు ఇచ్చారు. కలిపి ఆరు వేల పైచిలుకు. దుకాణాలు మూయమని నేను అడగడం లేదు, అది ప్రజలూ ప్రభుత్వాలూ తేల్చుకోవలసిన విషయం. ప్రతి దుకాణం గోడ మీద, పర్మిట్ రూములో తెలుగులో పెద్ద అక్షరాలతో రెండు నంబర్లు రాయించండి: మత్తు నుంచి బయటపడటానికి కేంద్ర ప్రభుత్వం నడిపే 14446, మానసిక ఆరోగ్య సహాయానికి టెలి మానస్ 14416. లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం, మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించే దిశగా కృషి చేయడం ప్రభుత్వ బాధ్యత అని రాజ్యాంగంలోని 47వ అధికరణం చెబుతోంది. కనీసం ఈ గోడరాత అయినా ఆ బాధ్యతలో భాగం కావాలి.

5. ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాలను తనిఖీ చేయండి. రిజిస్ట్రేషన్ ఉన్నవేవో, లేనివేవో జిల్లాలవారీగా జాబితా ప్రకటించండి. గాజులు తాకట్టు పెట్టే ఇల్లాలికి తన భర్తను ఎక్కడ వదిలి వస్తోందో తెలియాలి.

6. తాగి వాహనం నడిపి పట్టుబడినవారికి ఇచ్చే కౌన్సెలింగులోనూ, జైళ్లలోనూ ఈ మీటింగుల సమాచారం అందేలా చూడండి. వెళ్లాలా వద్దా అన్నది వారి ఇష్టానికే వదలాలి. బలవంతంగా కూర్చోబెడితే ఎవరూ మారరు.

ఇవన్నీ ఒకేసారి జరగకపోతే మొదటి రెండింటితో మొదలుపెట్టండి. వాటికి బడ్జెట్టు అవసరం లేదు, తాళంచెవి ఉన్న మనిషి ఒప్పుకుంటే చాలు. రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను. ఇవ్వడం కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి, మా వైపు సరిచేసుకోవలసినది ఉంటే సరిచేసుకుంటాం.

ప్రస్తుతం మేము ఒక ప్రైవేటు పాఠశాల వరండాలో కూర్చుంటున్నాం. ఆ యాజమాన్యం మంచితనం వల్ల ఇన్నాళ్లు గడిచింది. వచ్చే నెల నుంచి అక్కడ సాయంత్రం ట్యూషన్లు మొదలవుతాయి, చోటు వదిలెయ్యాలి. కిందటి ఆదివారం ఒక కుర్రవాడు మొదటిసారి వచ్చాడు. వెళ్తూ వెళ్తూ వచ్చే నెల మీటింగు ఎక్కడో అడిగాడు. ఎక్కడున్నా ఫోను చేసి చెబుతానని అతని నంబరు తీసుకున్నాను.

ఇట్లు,
ఏ.ఏ. సభ్యుడు, ఒక ఆల్కహాలిక్